రాగిచెంబులో గర్జన

గబ్బిలాలకొండ ఎక్కడం ఒక ఎత్తు, గాలికి గడ్డం ఊడిపోకుండా ఎక్కడం మరో ఎత్తు. కుందమ ఒక చేత్తో యోగదండం పట్టుకుని, రెండో చేత్తో బొడ్డుదాకా వేలాడే మేకవెంట్రుకల గడ్డాన్ని అదిమిపెట్టుకుని, రాయిరాయికీ ఒక కొత్త తిట్టు తిడుతూ ఎక్కుతోంది. వెనకాల ఒంటినిండా బూడిద పూసుకుని, కమండలం మోసుకుంటూ మేఖలాపుర యువరాజు జలధరుడు వస్తున్నాడు. ఆమెది గురువు వేషం, ఆయనది శిష్యుడి వేషం. నిన్న సభలో ఆయన సింహాసనం పక్కన కూర్చుంటే ఈమె గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. ఇవాళ ఆమె దాహమంటే ఆయన నీళ్ళు వంచుతున్నాడు.

"గురుదేవా, ఇంకెంత దూరం?" అన్నాడు జలధరుడు.

ఆ మాటకు పక్కలోయలో మేస్తున్న కొండగొర్రెలు తోకలు లేపి పరుగుతీశాయి.

"దొరా! మీకు మౌనవ్రతమని చెప్పానా లేదా?"

"గుసగుసగానే అడిగాను కదా కుందమా!"

"మీ గుసగుస మా డప్పుల జోడుకన్నా పెద్దది. ఆ మాంత్రికుడి చెవిన పడితే మన ఎముకలు హారం గుచ్చి మెళ్ళో వేసుకుంటాడు. నోరు తెరవకండి మహాప్రభో, మీకు పుణ్యముంటుంది."

జలధరుడు నొచ్చుకోలేదు. ఆయనకు తన గొంతు సంగతి తెలుసు. చిన్నప్పుడు సంగీతం నేర్పడానికి వచ్చిన పండితుడు మొదటి పాఠానికే వీణ వదిలేసి గోడ దూకి పోయాడట. ఉరుములు ఉరిమే వేళ పుట్టాడు గనక జలధరుడని పేరు పెట్టారు. పేరు పెట్టిన పురోహితుడు తర్వాత చాలాసార్లు నాలుక కరుచుకున్నాడు.

ఇంతకూ ఈ ఇద్దరూ కొండెక్కే పని ఎందుకు పడిందో చెప్పాలంటే, పసుపుబయలు సంగతి చెప్పుకోవాలి.

మేఖలాపురానికీ కరాళకోటకూ నడుమ ఆమడల కొద్దీ పరుచుకున్న గడ్డినేల పసుపుబయలు. మాఘమాసం వచ్చేసరికి నిలువెత్తు గడ్డి పండి, మేలిమి బంగారం కరిగించి పోసినట్టు తళతళలాడుతుంది. గాలి వీచిందా, ఈ చివర పుట్టిన అల ఆ చివరి నీలికొండల పాదాలు తాకితేగాని ఆగదు. నడుమ నడుమ మోదుగులు విరగబూసి, బయలుకు ఎవరో కుంకుమబొట్లు పెట్టినట్టుంటుంది. జింకలు, మనుబోతులు, అడవిదున్నలు మందలు మందలుగా మేస్తాయి. ఆ మందల మీద బతికే సింహాలు మోదుగు నీడల్లో వెల్లకిలా పడుకుని, పొట్టలు ఎండకు ఆరబెట్టుకుంటాయి.

ఈ బయలు కోసం పూర్వం రెండు రాజ్యాలూ తరతరాలు తన్నుకున్నాయి. చివరికి ఇద్దరు ముసలిరాజులు విసిగి వేసారి, కత్తులు నేలకు గుచ్చి ఒక ఒడంబడిక చేసుకున్నారు. "మనం కొట్టుకున్నన్నాళ్ళూ ఈ నేలను ఏలింది సింహాలే. తీర్పు కూడా వాటికే వదిలేద్దాం" అనుకున్నారు. ఏటా మాఘపున్నమినాడు పొద్దు కుంగేవేళ రెండు వైపుల సింహాలూ గర్జిస్తాయి. పొద్దు పూర్తిగా మునిగేలోగా, ఎదురు రాని గర్జన చివరిసారిగా ఎక్కడ లేస్తే అక్కడ సరిహద్దు గుంజ పాతాలి. ఆ గుంజకు ఇవతలిది ఆ సింహాల రాజ్యానిది. ఒకసారి పాతాక చక్రవర్తి దిగివచ్చినా కదపడానికి లేదు. వినడానికి ఒక చెవిపెద్ద, నిలబడి వినడానికి ఒక చెవిరాయి ఏర్పాటయ్యాయి.

ఇన్నాళ్ళూ బయలు మేఖలాపురానిదే. కారణం రెండు సింహాలు, నల్లజూలు, ఎర్రజూలు. అవి ఒకతల్లి బిడ్డలు కావు. ఈడు రాగానే ఏ మందలోనైనా మగపిల్లల్ని గెంటేస్తారు కదా, అలా వేర్వేరు మందల నుంచి గెంటించుకుని, దిక్కులేక తిరుగుతూ ఒక ఎండాకాలం ఒకే మడుగు దగ్గర ఎదురుపడ్డాయి. కొట్టుకు చావకుండా నీకు నేను, నాకు నువ్వు అనుకున్నాయి. జూలెంత ఉన్నా ఒంటరి సింహానికి అడవంతా అద్దెకొంపే. తోడు దొరికితేనే అది రాజు. ఆ రెండూ తలలు రుద్దుకుని లేచి, పక్కపక్కన నిలబడి గొంతెత్తితే అవతలి సింహాలు దారి మార్చుకుని పోయేవి.

కరాళకోట రాజు ఎన్నేళ్ళు ఓర్చుకుంటాడు? ఆస్థాన మాంత్రికుడు ధూమజటుణ్ణి పిలిచాడు. ధూమజటుడు ఎడారి అవతలి నుంచి మూడు కుర్రసింహాలను మాంసం ఎరచూపి తోలుకొచ్చాడు. అవి ముగ్గురన్నదమ్ములు. అది చాలదన్నట్టు నల్లజూలు నిద్రపోతుండగా దాని గర్జనను గొంతులోంచి లాగి రాగిచెంబులో బంధించుకుపోయాడు. ఆనాటి నుంచి నల్లజూలు రాజసంగా లేచి, పంజాలు నేలకు తన్ని, నోరు బార్లా తెరిస్తే "మ్యావ్" అని వస్తోంది.

ఎర్రజూలు గొంతు బాగానే ఉంది. కాని సింహానికి లెక్కలు వచ్చు. అవతల ఎన్ని గొంతులున్నాయో విని, ఇవతల ఎన్నున్నాయో చూసుకునిగాని నోరు విప్పదు. మూడింటికి ఒకటి చాలదు. అందుకని అదీ నోరు కట్టుకుని కూర్చుంది. కొత్త మగసింహాలు మందను గెలిస్తే పాతవాటి కూనలను బతకనివ్వవు. ఆడసింహాలకు ఆ సంగతి తెలుసు గనక పిల్లల్ని గడ్డిలో దాచిపెట్టి, రాత్రింబవళ్ళు చెవులు రిక్కించుకుని ఉన్నాయి.

మేఖలాపుర సభలో ఈ కబురు వినగానే సేనాపతులు నేలచూపులు చూశారు. అప్పుడు గుమ్మం దగ్గర నుంచి "నేను తెస్తాను ఆ చెంబు" అన్నది కుందమ. ఆమె పగటివేషాలు వేసే ఇంటిపిల్ల. పగటివేషాలవాళ్ళకు ఊరుండదు. పొద్దున శివుడై, మధ్యాహ్నం కోమటై, సాయంత్రం పులై, ఊరి చివర అన్నం తిని పొమ్మన్నచోటికల్లా పోతారు. వాళ్ళను పొమ్మనని నేల ఒక్క పసుపుబయలే. వానాకాలం గుడారాలు వేసుకుని, ముసలివాళ్ళు నడుము వాల్చేది, కడుపుతో ఉన్నవాళ్ళు నీళ్ళాడేది అక్కడే. కరాళకోటలో ఇల్లు లేనివాడు దొంగ అని చట్టం. బయలు ఆ రాజు చేతికి పోతే కుందమవాళ్ళకు కాలు మోపే చోటు ఉండదు. అందుకే ఆ పిల్ల అంత సాహసానికి ఒడిగట్టింది. నోరు జారిన తర్వాత భయం వేసిన మాట నిజమే గాని, అప్పటికే యువరాజు "నేనూ వస్తాను!" అని అరిచాడు, ఆ అరుపుకు సభలో దీపాలు ఆరిపోయాయి, ఇక వెనక్కి తగ్గడానికి వీల్లేకపోయింది.

మాఘపున్నమి ఇవాళే. పొద్దు అప్పుడే నడినెత్తి దాటి పడమటికి ఒరిగింది.

ధూమజటుడి గుహ ద్వారం మొసలి నోరులా ఉంది. లోపల గోడలకు నీలిమంటల దివిటీలు. పైకప్పు నుంచి వేలాడే రాతిమొనల నడుమ వేలకు వేలు గబ్బిలాలు. నేలమీద పెద్దపులి తోలు, దానిమీద పొగలు కక్కే జడలతో, కళ్ళు మూసుకుని మాంత్రికుడు. అతని పక్కన గోడకానించి వెదురుచేట ఒకటి ఉంది. అతగాడి పుష్పకవిమానం అదే.

కుందమ గుమ్మంలో నిలబడి, ముక్కుపొడుం పీల్చి, కొండ అదిరేలా తుమ్మింది.

ధూమజటుడు ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. ఎదురుగా వంగిన నడుము, కుడికంటి మీద పుట్టుమచ్చ, నశ్యం మరకల గడ్డం. తనకు మంత్రాలు నేర్పి, చెప్పకుండా హిమాలయాలకు పోయిన గురువు ఉలూకానందుడు!

కుందమ ఒక తీర్థంలో ఆ ఉలూకానందుణ్ణి, శిష్యుల్ని ఆయన దండించే తీరుతో సహా చూసింది. ఒక్క పూట చూస్తే చాలు, మనిషిని చర్మంతో సహా ఒలిచి తెచ్చుకోగలదు. ఆ మహానుభావుడికి ఒక అలవాటు ఉంది. ఎవరేం చెప్పినా "ఊఁ... అంటే?" అంటాడు. ఎదుటివాడు తనకు తెలిసిందంతా కక్కేవరకూ అదే మాట.

"గురుదేవా! తమరా! ఎన్నాళ్ళకెన్నాళ్ళకు!" అంటూ ధూమజటుడు సాష్టాంగపడ్డాడు. "ఈ బూడిదగుమ్మడికాయ ఎవరు స్వామీ?"

జలధరుడి ముఖం కందగడ్డ అయింది. కుందమ దండంతో ఆయన కాలు నొక్కింది.

"కొత్త శిష్యుడు. మౌనవ్రతం. నువ్వేం వెలగబెడుతున్నావో చూద్దామని వచ్చాంరా ధూమా."

"తమ దయవల్ల మహత్కార్యం సాధించాను గురుదేవా. సింహగర్జనను బంధించాను."

"ఊఁ... అంటే?"

"అంటే, నల్లజూలు గొంతులోని గర్జన మొత్తం ఈ రాగిచెంబులో ఉంది."

"ఊఁ... అంటే?"

"లక్కతో మూత అతికించాను. మూత తీసిన క్షణాన ఎదురుగా ఏ నోరు తెరిచి ఉంటే గర్జన ఆ నోట్లోకి దూరుతుంది స్వామీ. అందుకే నేనెప్పుడూ నోరు మూసుకుని చెంబు పట్టుకుంటాను."

"నోరు మూసుకోవడం నీకెప్పుడు వచ్చిందిరా?"

"హిహిహి! అదే వెటకారం! అదే చమత్కారం!" ధూమజటుడు మురిసిపోయాడు. చెంబును మాత్రం గుండెలకు హత్తుకునే ఉన్నాడు. కుందమ చెయ్యి చాచేసరికి అతని చూపులో అనుమానం మెదిలింది. "స్వామీ, కోపగించకండి. ఎవరినీ నమ్మవద్దని తమరే నేర్పారు. తమరు నిజంగా నా గురువే అయితే, పాఠం తప్పినప్పుడు నన్నెలా కొట్టేవారో ఒక్కసారి..."

మాట పూర్తికాలేదు. కుందమ దండం గిర్రున తిరిగి అతని నడినెత్తిన ఠంగుమంది. తర్వాత ఎడమ మోకాలు. తర్వాత, అతను వంగుతాడని ముందే తెలిసినట్టు, వీపు మధ్యన ఒకటి.

ధూమజటుడి కళ్ళు నీళ్ళతో నిండాయి. అవి నొప్పితో వచ్చినవి కావు. "అదే దెబ్బ! అదే చేతివాటం! చిన్నతనమంతా గుర్తుకొచ్చింది స్వామీ!" అని వెక్కుతూ చెంబును ఆమె చేతుల్లో పెట్టాడు. "మెచ్చాను గురుదేవా, మెచ్చాను!"

అంతే, కొంప మునిగింది.

పగటివేషాలవాళ్ళకు ఒక నియమముంది. చూసినవాడు "మెచ్చాను" అన్నాడా, ఆ క్షణమే వేషం విప్పి, నిజరూపంతో దణ్ణం పెట్టాలి. ఆ తర్వాత ఒక్క రెప్పపాటు వేషంలో ఉన్నా అది కళ కాదు, మోసం. కుందమకు మాటలు వచ్చినప్పటి నుంచీ తాత ఏకాంబరి ఈ పాఠం చెవిలో పోస్తూనే ఉన్నాడు. అందువల్ల ఆ మాట వినగానే ఆమె చెయ్యి ఆమెను అడక్కుండానే పైకి లేచింది. గడ్డం ఊడొచ్చింది. పెట్టుడు జడలు ఊడొచ్చాయి. నడుము నిటారైంది. జోలె ముందుకు చాపి, పళ్ళన్నీ కనబడేలా నవ్వి, "దయగల దొరవారికి దండాలు! తమ కడుపు చల్లగుండా, తమ కీర్తి పదికాలాలు నిలవా..." అని దీవెన సగం దాకా పాడింది.

అప్పుడు తెలివొచ్చింది.

ధూమజటుడు ఆమెను చూశాడు. ఆమె చేతిలోని గడ్డాన్ని చూశాడు. నెత్తిమీద లేస్తున్న బొప్పిని తడుముకున్నాడు.

"నువ్వు... నన్ను... కొట్టావా?"

"మీరే అడిగారు కదండీ" అంది కుందమ వెనక్కి నడుస్తూ.

"కుందమా, పరుగెత్తు!" అన్నాడు జలధరుడు.

పొద్దుటి నుంచీ బిగబట్టుకున్న గొంతు అది. ఒక్కసారి వదిలేసరికి గుహ గుహంతా గంటలా మోగింది. పైకప్పు నుంచి రాతిమొనలు ఫెళఫెళ రాలిపడ్డాయి. వేల గబ్బిలాలు ఒక్క ఉమ్మడిన లేచి మాంత్రికుడి జడల్లో చిక్కుకున్నాయి. "ఓం హ్రీం..." అని మొదలుపెట్టిన మంత్రం "థూ! థూ!" అని ముగిసింది. ఆ సందట్లో కుందమ పులితోలును ఒక్క లాగు లాగి, చెంబును చంకన పెట్టుకుని, గుహ బయటికి దూకింది.

కొండకు ఇటువైపు నిట్టనిలువు వాలు. ఎండిన గడ్డి నున్నగా పరుచుకుని వాగుదాకా దిగుతోంది.

"ఎక్కండి దొరా!"

"దేనిమీద?"

"పులిమీద!"

ఇద్దరూ తోలుమీద కూర్చోగానే అది జర్రున జారింది. మొదట నెమ్మదిగా, తర్వాత గాలి చెవుల్లో ఈలలు వేసేంత వేగంగా. పొదలు ఎగిరిపోయాయి, బండలు పక్కకు తప్పుకున్నాయో వీళ్ళే తప్పించుకున్నారో తెలీలేదు. కుందేళ్ళు గంతులేసి దారిచ్చాయి. ఒక ఎత్తుపల్లాన తోలు గాల్లోకి లేచి, ఇద్దర్నీ ఆకాశంలో కాసేపు కూర్చోబెట్టి, మళ్ళీ దించింది. చావు వెన్నంటి వస్తోందని మరచిపోయి కుందమ కిలకిల నవ్వింది. యువరాజు "హోయ్! హోయ్!" అని కేకలు పెట్టాడు. రాజభవనంలో ఆయనకు ఇంత సుఖం ఒక్కనాడూ దొరకలేదు.

పైనుంచి చేటమీద ధూమజటుడు దూసుకొస్తున్నాడు. జడల్లో ఇంకా రెండు గబ్బిలాలు కొట్టుకుంటున్నాయి. వేళ్ళు విదిలిస్తే నిప్పుకణికలు రాలుతున్నాయి. ఒక కణిక తోలు తోకకు అంటుకుంది.

"దొరా, మన పులికి తోక కాలుతోంది!"

"ముందు చూడు కుందమా, ముందు!"

ముందు ముళ్ళవాగు. పసుపుబయలుకు ఎల్ల అదే. వాగు ఒడ్డున, పచ్చటి ఇసుకలో మూడు కుర్రసింహాలు లేచి నిలబడ్డాయి. జూలు ఇంకా పూర్తిగా దిగలేదు గాని, పొగరు మాత్రం నిండా దిగింది. పొద్దు నీలికొండల అంచున కూర్చుంది. అవి గర్జించడానికి ఛాతీలు పూరించుకుంటున్న వేళ, నిప్పంటుకున్న పులితోలు ఒకటి కొండమీంచి దిగి, ఒడ్డున బండను కొట్టుకుని, మనుషులిద్దర్నీ సరిగ్గా వాటి మధ్యకు విసిరేసింది.

"చెంబు! దొరా, చెంబూ!" అని గాల్లో ఉండగానే కుందమ అరిచింది.

చెంబు ఆమె ముఖం ముందే రాయిని తాకింది. లక్క పగిలింది. మూత టంగున ఎగిరింది. ఎదురుగా "చెంబూ" అంటూ తెరిచి ఉన్న నోరు ఒకటే, అది కుందమదే. వేడి గాలిలాంటిదేదో ఆమె నోట్లోకి దూరి, గొంతు దాటి, కడుపులో చుట్టచుట్టుకుని కూర్చుంది.

"అయ్యో! మింగేసింది!" చేటమీద మాంత్రికుడు నెత్తి కొట్టుకుని, బొప్పి తగిలి మూలిగాడు. అంతలోనే పకపక నవ్వాడు. "మంచిపనే అయింది! నా మంత్రం లేనిదే అది నిన్ను వదిలి పోదు. నీ ఎముకలతో పాటు అదీ ఇక్కడే పోతుంది. తినండిరా నాయనా, తినండి!"

మూడు సింహాలూ చుట్టుముట్టాయి. సింహం కూనలు, గుడారాలు, తాత, అన్నీ ఒక్కసారి కుందమ కళ్ళముందు తిరిగాయి. ఇంత దూరం తెచ్చిన గర్జన తన కడుపులోనే చచ్చిపోతుందే అని ఏడుపొచ్చింది. మొదటి సింహం పంజా ఎత్తింది. "అమ్మో!" అని అరుద్దామని కుందమ నోరు తెరిచింది.

వచ్చింది అమ్మో కాదు. వాగునీళ్ళు వణికాయి. ఇసుక లేచింది. మోదుగుపూలు జలజలా రాలాయి. నల్లజూలు నిండు యవ్వనపు గర్జన, అన్నాళ్ళు చెంబులో మగ్గిన కోపంతో సహా, ఆ సన్నటి పిల్ల గొంతులోంచి ఉరికింది. పంజా ఎత్తిన సింహం ఎత్తినట్టే ఆగి, ఇంత చిన్న శాల్తీలో అంత పెద్ద సింహం ఎక్కడ దాక్కుందా అని ఆమె చుట్టూ వెతుక్కుంది.

వాగు అవతల గడ్డిలో ఎర్రజూలు చెవులు నిక్కబొడిచింది. అన్న గొంతు! ఎన్నాళ్ళ తర్వాతో అన్న గొంతు! ఒక్క ఉదుటున లేచి, తల నేలకు వంచి, బయలంతా మారుమోగేలా బదులిచ్చింది.

రెండు. కుర్రసింహాలు ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి. రెండే కదా, మనం ముగ్గురం అన్నట్టు మళ్ళీ ఛాతీలు పూరించాయి.

"దొరా, మీరూ!" అందామనుకుంది కుందమ. ఇంకో గర్జన వచ్చింది. అయినా యువరాజుకు అర్థమైంది. నడుముకు చేతులు పెట్టుకుని, గుండెనిండా గాలి పీల్చి, సంగీతపండితుడు గోడ దూకిన ఆ మొదటి పాఠంలోని "స" అందుకున్నాడు.

మూడు.

అప్పుడు గడ్డి నలుదిక్కులా కదిలింది. పిల్లల్ని దాచుకున్న ఆడసింహాలు ఒక్కొక్కటే లేచి గొంతు కలిపాయి. వాటి కాళ్ళ సందుల్లోంచి కూనలు తలలు బయటపెట్టి, తమకూ గొంతుందని "గుర్ గుర్" మన్నాయి. కుర్రసింహాల లెక్క తప్పిపోయింది. మొదటిది తోక ముడిచింది. రెండోది దాన్ని చూసింది. మూడోది ఆ ఇద్దరికన్నా ముందే కరాళకోట దారి పట్టి పరుగెత్తుతోంది.

చెవిరాయి మీద ముసలి చెవిపెద్ద వెన్నమనాయడు అరచెయ్యి చెవికి పెట్టుకుని విన్నాడు. రెండు రాజ్యాల సాక్షులూ ఊపిరి బిగబట్టారు. ఎదురుగర్జన రాలేదు.

"మేఖలాపురానిదే బయలు!" అన్నాడు వెన్నమనాయడు. గుంజ భుజాన వేసుకుని, పాతడానికి ముళ్ళవాగు వైపు దిగాడు. దూరాన గుడారాల దగ్గర డప్పులు లేచాయి. ఏకాంబరి తాత మోకాళ్ళనొప్పి మరచి చిందు తొక్కుతున్నాడని ఆ డప్పు వరుస వింటేనే కుందమకు తెలిసిపోయింది. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

అంతలో వాగు దాటి నల్లజూలు వచ్చింది. మెల్లగా, రాజులా, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి కుందమ ముందు నిలబడింది. ఆమె మెడ దగ్గర వాసన చూసింది. తన గొంతు ఇక్కడే ఉంది. బయటికి రమ్మన్నట్టు "మ్యావ్" అంది. తర్వాత తమ్ముడి తలకు రుద్దినట్టే తన బండతలను ఆమె తలకు రుద్దింది. ఆ రుద్దుడుకు కుందమ చతికిలబడింది. ఎర్రజూలు కూడా వచ్చి రెండోవైపు నుంచి రుద్దింది.

"కుందమా, నిన్ను జట్టులో చేర్చుకున్నాయి!" అని జలధరుడు చప్పట్లు కొట్టాడు.

చేటమీద ధూమజటుడికి సంగతి బోధపడింది. ఈ గొంతు తిరిగి ఇప్పించగలిగినవాడు లోకంలో తానొక్కడే. కింద ఉన్న సింహాలు తలలెత్తి తన వంకే చూస్తున్నాయి. చేటను గిర్రున తిప్పి కరాళకోట వైపు పారిపోసాగాడు.

నల్లజూలు ఇక ఆగలేదు. మంత్రగాణ్ణి పోనిస్తే గొంతూ పోయినట్టే. వాణ్ణి పట్టాలి. కాని తన గర్జనను ఇక్కడ వదిలిపెట్టి ఎలా వెళ్ళడం? కూనను పట్టినట్టు కుందమ నడికట్టును పళ్ళతో పట్టి పైకెగరేసి, వీపుమీద వేసుకుంది. ఒడ్డును ఒక్క గంతులో ఎక్కి, శత్రురాజ్యంలోకి దూసుకుపోయింది. పక్కనే ఎర్రజూలు. వెనకాల "ఆగండి! నన్నూ ఎక్కించుకోండి!" అంటూ బూడిద రాల్చుకుంటూ యువరాజు.

కుందమ జూలును రెండు పిడికిళ్ళా పట్టుకుని కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఒక కన్ను తెరిచింది. గడ్డి కిందినుంచి నదిలా పారుతోంది. ముఖానికి కొట్టే గాలిలో మోదుగుపూల వాసన. భయమెక్కడ పోయిందో తెలీదు, కడుపులోంచి ఆనందం పొంగుకొచ్చి కెవ్వున కేకవేసింది. అది గర్జనై కరాళకోట పొలాల మీద దొర్లింది. ఎక్కడా ఎదురుగర్జన రాలేదు.

ముళ్ళవాగు ఒడ్డున గుంజ పాతబోతున్న వెన్నమనాయడు చెయ్యి ఆపాడు. పడమట చూశాడు. పొద్దు ఇంకా మునగలేదు, గోటంచు అంత మిగిలే ఉంది. చివరి గర్జన లేచింది ఇక్కడ కాదు, అదిగో అక్కడ.

"నాయడుగారూ, పాతెయ్యండి, ఇక్కడే పాతెయ్యండి!" అని కరాళకోట సాక్షులు బతిమాలారు.

"ఒడంబడిక ఒడంబడికే నాయనా" అని ముసలాయన పంచె పైకి దోపి, గుంజ భుజానికెత్తుకుని వాగులో దిగాడు.

సగం వాగు దాటేసరికి ఇంకా ముందు నుంచి ఇంకో గర్జన. అది దాటితే ఇంకోటి. కుందమ వెనక్కి తిరిగి చూసింది. గుంజ మోసుకుని చెవిపెద్ద, ఆయన వెనక సాక్షులు, వాళ్ళ వెనక డప్పులు కొడుతూ తన వాళ్ళందరూ, ఎర్రటి సందెవెలుగులో పరుగెత్తుకొస్తున్నారు. పుట్టినప్పటి నుంచీ ఏ ఊరి పొలిమేరలో అడుగుపెట్టినా "పోండి" అనిపించుకున్న పిల్ల అది. ఇవాళ ఆ పిల్ల వెనకాల పొలిమేరే పరుగెత్తుకుంటూ వస్తోంది.